నలభై ఒక్క రోజుల రంగు

ఇంటికి ఎన్నాళ్ళకోసారి రంగు వేయించాలి అన్న ప్రశ్న మా నురగలపేటలో నిరుటి వానాకాలం దాకా ఎవరికీ రాలేదు. జవాబు అందరికీ తెలుసు కాబట్టి రాలేదు. సముద్రం వైపు గోడకి రెండు మూడేళ్ళకోసారి, మిగతా గోడలకి ఐదారేళ్ళకోసారి, ఇంట్లో శుభకార్యం ఉంటే దానికి వారం ముందు. మా ఊరి గాలికి ఉప్పు ఎక్కువ. సైకిలు కొన్న ఏడాదికి బెల్లు మూగబోతుంది, గేటు కొన్న రెండేళ్ళకి చేతిలోకి ఊడి వస్తుంది. గోడకి వానల్లో నాచు పడుతుంది, ఎండల్లో పొట్టు లేస్తుంది. మనిషికి వయసు వచ్చినట్టే గోడకీ వస్తుందిలే అని సరిపెట్టుకుని బతికేవాళ్ళం.

కొత్తగా వచ్చిన మునిసిపల్ కమిషనరు విశ్వంభరరావు గారు సరిపెట్టుకునే మనిషి కాదు. ఆయన వాన మొహం చూడని జిల్లా నుంచి బదిలీ మీద వచ్చారు. రాగానే తన క్వార్టర్సుకి గంధం రంగు వేయించుకున్నారు. రెండు వానలు పడేసరికి ఆ గంధం మీద పచ్చగా నాచు పట్టింది. ఆయన వరండాలో నిలబడి, ప్రభుత్వ స్థలంలో ఎవడో గుడిసె వేసుకున్నంత కోపంగా దాన్ని చూసి, అసిస్టెంటు ఇంజనీరు జోగారావుని పిలిపించారు.

"ఏమండీ, సముద్ర తీర ప్రాంతమునందు ఒక నివాస గృహమునకు ఎంత కాలవ్యవధిలో పునః వర్ణలేపనము గావించవలెను?" అని అడిగారు. ఆయన మాట్లాడినా సర్క్యులరు చదివినట్టే ఉంటుంది.

జోగారావుది ముప్పై ఏళ్ళ సర్వీసు. తెలిసిన జవాబు చెప్పినవాడి నెత్తినే పని పడుతుందని మొదటి ఏడాదిలోనే నేర్చుకున్నాడు. "ఇది లోతైన విషయమండి. కమిటీ వేద్దాం" అన్నాడు.

నేను కమిటీలో పడ్డది అలాగే. నేను మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. రంగులతో సంబంధం ఉన్న ఉద్యోగి మునిసిపాలిటీ మొత్తానికి నేనొక్కణ్ణే అని తేలింది. ఆర్డరులో నన్ను "వర్ణశాస్త్ర నిపుణుడు" అని రాశారు. నాకు తెలిసిన వర్ణశాస్త్రం అంతా పన్నెండు రంగుల డబ్బాలో ఉంటుంది. ఆ మాట చెప్పి తప్పుకోవలసింది. కాని కమిటీ ఉన్న రోజున ఎనిమిదో తరగతి బి సెక్షనుకి వెళ్ళక్కర్లేదన్నారు. ఆ బి సెక్షనుని ఒక్కసారి చూసినవాడెవడూ నన్ను తప్పుపట్టడు.

జోగారావు శాస్త్రీయంగా పోదామన్నాడు. ఆఫీసు వెనక ప్రహరీగోడ సముద్రానికి ఎదురుగా ఉంటుంది. దానికి నీలం రంగు వేయించి, అదే రంగు ఒక అట్టముక్క మీద పూసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. గోడ మీద రంగు అట్ట మీద రంగు కన్నా తేలిపోయిన నాటికి ఎన్ని రోజులైతే అన్ని రోజులు. ప్రతి సోమవారం కమిటీ వెళ్ళి గోడ ముందు నిలబడాలి, అట్టముక్కతో పోల్చాలి, టీ తాగాలి, సంతకాలు పెట్టాలి. పద్ధతిలో లోపమేమీ లేదు. ఎటొచ్చీ ఎర్రయ్య ఉన్నాడు.

ఎర్రయ్య ఆఫీసు అటెండరు. పైవాళ్ళు ఏది చూడటానికి వస్తే దాన్ని ముందుగా కడిగి పెట్టడం పాతికేళ్ళుగా అతని ధర్మం. ఎవరైనా పెద్దాఫీసరు వస్తున్నారంటే మెట్లు కడుగుతాడు, ఆడిటు వాళ్ళు వస్తున్నారంటే బీరువాలు తుడుస్తాడు. కమిషనరు గారు వేయించిన కమిటీ ఈ గోడని చూస్తుందని తెలిసిన దగ్గర్నుంచి, రోజూ పొద్దున్నే చాకలిసోడా కలిపిన నీళ్ళు బకెట్టుతో తెచ్చుకుని, కొబ్బరిపీచుతో గోడని నిలువునా అడ్డంగా తోమడం మొదలెట్టాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా అతన్ని అంత శ్రద్ధగా తోమి ఉండదు.

నేను చూశాను. ఐదో సోమవారం కాస్త ముందుగా వెళ్తే మోకాళ్ళ దాకా తడిసి కనిపించాడు. కాళ్ళ దగ్గర మట్టి నీలంగా ఉంది.

"అదేంటి ఎర్రయ్యా, గోడని తోమేస్తున్నావు?"

"పెద్దోలు సూసీ గోడ మాస్టారూ. మురికుంటే మనకే గదా మాట."

ఆ విషయం కమిటీకి చెప్పవలసిన బాధ్యత నాదే. కాని ఆ వేళ టీతో పాటు అరటికాయ బజ్జీలు తెప్పించారు. నోటి నిండా బజ్జీ ఉన్నవాడు నిజం చెప్పలేడు. బజ్జీ అయిపోయేసరికి సంతకాల కాగితం ముందుకొచ్చింది. పెట్టేశాను.

నలభై ఒకటో రోజు, అది శనివారం, ఎర్రయ్యే పరిగెత్తుకొచ్చి చెప్పాడు, రంగు ఊడిపోయి సిమెంటు బయట పడిందని. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. జోగారావు మొహం వెలిగిపోయింది. "నలభై ఒక్క రోజులు! దీక్షకీ నలభై ఒక్క రోజులే, గోడకీ నలభై ఒక్క రోజులే. చూశారా, సైన్సు చివరికి మన పెద్దల దగ్గరికే వచ్చింది" అన్నాడు. ఇంక దాని మీద మాట్లాడేవాడెవడు? గోడకి దణ్ణం పెట్టనివాణ్ణి నేనొక్కణ్ణే.

మరుసటి వారం ఆటోకి మైకు కట్టి వీధివీధినా చదివారు: "ఇందుమూలముగా నురగలపేట పురపాలక పరిధిలోని సమస్త గృహ యజమానులకు తెలియజేయునదేమనగా, నిపుణుల కమిటీ కూలంకషముగా పరిశీలించి సమర్పించిన నివేదిక ననుసరించి, ప్రతి నలభై ఒక్క దినములకు ఒక పర్యాయము తమ తమ గృహముల బాహ్య మరియు అంతర్గత కుడ్యములకు విధిగా వర్ణలేపనము గావించుకొనవలెను. తప్పినచో సదరు గృహమునకు తాళము వేయబడును." ఇంటింటికీ ఒక రంగుల పుస్తకం ఇచ్చారు. రంగు వేయించినప్పుడల్లా అందులో ముద్ర వేయించుకోవాలి.

మొదటి దఫా ఊరంతా పండగలా గడిచింది. ఎప్పటి నుంచో వేయించాలనుకుంటున్నవాళ్ళే చాలామంది. అసలు ఇబ్బంది రెండో దఫాతో మొదలైంది. అప్పటికి తుపానుల రోజులు. మా ఊళ్ళో ఆ రోజుల్లో ఆరేసిన లుంగీ నాలుగు రోజులకి ఆరుతుంది. రంగు వారానికి గాని ఆరదు. అడుగుపూత ఒకటి, పైపూతలు రెండు, వెరసి మూడు వారాలు. అంటే నలభై ఒక్క రోజుల్లో సగం రోజులు ఇల్లు తడిగానే ఉంటుంది. ఆరిందిలే అని ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ బ్రష్షు పట్టుకోవాలి. జనం ఇంట్లో చేతులు దగ్గరికి ముడుచుకుని పక్కవాటుగా నడవటం నేర్చుకున్నారు. క్యాలెండర్లూ దేవుడి పటాలూ మంచాల మీదకి చేరాయి, మనుషులు మంచాల కిందకి చేరారు. మా ఇంట్లో ఒక బల్లి గోడకి అంటుకుపోయి రెండు రోజుల పాటు మంచి చెడు ఏ శకునమూ చెప్పలేదు. మా ఆవిడ దాన్ని కొబ్బరినూనె రాసి విడిపించింది.

వీటన్నిటికీ నవ్వుకోవచ్చు. తవిటమ్మ సంగతికి మాత్రం నవ్వు రాలేదు.

తవిటమ్మ హోటలు మా వీధి చివర ఉంది. బోర్డు లేదు, అక్కర్లేదు. ముందు గది హోటలు, వెనక గది ఆవిడ ఇల్లు. ఆవిడ భర్త సూరన్న తాపీమేస్త్రీ. పెళ్ళినాటికి అది నాలుగు తాటి స్తంభాల మీద తాటాకు పాక. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు కట్టగా మిగిలిన ఇటుకలు అడిగి తెచ్చుకుని, పెళ్ళయ్యాక ఏడాదికొకటి చొప్పున స్తంభాల మధ్య నాలుగు గోడలు లేపాడు. తర్వాత మధ్యన అడ్డగోడ కూడా కట్టాడు. కప్పుకి పెంకులు వేద్దామనుకున్నాడు, ఈలోపు పోయాడు. అది జరిగి ఆరేళ్ళు. అప్పట్నుంచి ఆ ముందు గదే ఆవిడకి అన్నం పెడుతోంది.

వేట నుంచి తిరిగొచ్చిన పడవల వాళ్ళు పొద్దున్నే అక్కడికి వస్తారు. బెంచీలు గోడవారగా ఉంటాయి. రాత్రంతా వల లాగిన వీపుల్ని గోడకి ఆనించి, కాళ్ళు బార్లా చాపి, కళ్ళు మూసుకుని ఇడ్లీ నమలటం వాళ్ళ అలవాటు. ఆ ఆనుకోవడం కోసమే సగం మంది వస్తారు. ఇడ్లీ ఎక్కడైనా దొరుకుతుంది. తడిరంగు మొదలయ్యాక ఎవరి వీపు చూసినా వాళ్ళు ఎక్కడ టిఫిను తిన్నారో చెప్పగలిగేవాళ్ళం. తవిటమ్మది చిలకపచ్చ. రెండు వారాలు చిలకపచ్చ వీపులు వీధంతా తిరిగాయి. ఆ తర్వాత వాళ్ళ ఆడవాళ్ళు అటు వెళ్ళొద్దని కట్టడి చేశారు.

ఒక రోజు పదింటికే పొయ్యి ఆర్పేసి తవిటమ్మ మా ఇంటికి వచ్చింది. గుమ్మం పట్టుకోబోయి, తడి గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మాస్టారూ, తమరు కమిటీలో ఉన్నారంట గదా. ఈ నలబై ఒక్క రోజులేటి బాబూ? ఎవులు సెప్పేరు?"

"కమిటీ నిర్ణయించింది తవిటమ్మా."

"రంగు కంపుకి ఇడ్లీ ఎవులూ ముట్టుకోటం నేదు. రెండు పూటల పిండి పులిసిపోతే బయిట పారబోసేను. ఏస్తే జనం రారు. ఎయ్యకపోతే తాళం ఏత్తామంటన్నారు. నాకింకేటీ రాదు బాబూ, ఈ పొయ్యొకటే. తమరొక మాట సెప్పండి."

నాకు సిగ్గేసింది. ఆ బజ్జీల నూనె ఇంకా నా వేళ్ళకి ఉన్నట్టే అనిపించింది. మర్నాడు సెలవు పెట్టి నేరుగా కమిషనరు గారి గదిలోకి వెళ్ళాను. జోగారావు కూడా అక్కడే ఉన్నాడు. గోడని సముద్రం కాదు, ఎర్రయ్య తోమడం వల్ల రంగు పోయిందనీ, నేను కళ్ళారా చూసి కూడా చెప్పలేదనీ ఒప్పేసుకున్నాను. మెమో ఇస్తారని భయపడ్డాను. ఇచ్చి ఉంటేనే బాగుండేది.

కమిషనరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తోముట జరిగినది. ఒప్పుకుంటాను. అయితే ఎక్కడ జరిగినది?"

"ఇక్కడేనండి. మన ఆఫీసు వెనక."

"అనగా తీర ప్రాంతములో. కావున సదరు తోముట తీర ప్రాంత వాతావరణములో అంతర్భాగముగా పరిగణించవలసి యున్నది."

"అది కొబ్బరిపీచండి" అన్నాను.

"కొబ్బరి తీర ప్రాంతపు పంటే కదా మాస్టారూ" అన్నాడు జోగారావు మెత్తగా. "పైగా రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు తప్పు గోడది అవ్వాలి గాని రిపోర్టుది అవడానికి వీల్లేదు."

కమిషనరు గారికి అప్పుడే ఒక అనుమానం వచ్చింది. "ఊరిలోని కుడ్యముల వర్ణము నలభై ఒక్క దినములకు నశించుచున్నదా?"

జోగారావు తల గోక్కున్నాడు. "లేదండి. పాతదాని మీదే మళ్ళీ వేయిస్తున్నాం గాని, చాలా చోట్ల నిక్షేపంలా ఉంటోందండి."

"ఇది నివేదికకు విరుద్ధము" అన్నారు కమిషనరు గారు, గొంతు తగ్గించి. ఎవరో పోయారని చెబుతున్నట్టుగా ఉంది.

వారం తిరక్కుండా కొత్త ఆర్డరు వచ్చింది. రంగు నియమిత కాలంలో పోని గృహములకు వాతావరణమును సమకూర్చుటకై ప్రత్యేక బృందము ఏర్పాటు చేయడమైనది అని. ఎర్రయ్యకి "వాతావరణ పర్యవేక్షకుడు" అని హోదా ఇచ్చి, చేతి కింద ఆరుగురిని, సోడా బస్తాలనీ, ఒక లారీ కొబ్బరిపీచునీ ఇచ్చారు. పొద్దున్నే వాళ్ళు వీధిలోకి దిగి గోడల్ని బరబరా తోమేవాళ్ళు. మంటలార్పుదామని వెళ్ళి నేను కిరసనాయిలు పోసి వచ్చాను. ఊరికి గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది.

ఎర్రయ్యని తప్పుపట్టలేను. అతను మనసుపెట్టి పని చేసేవాడు. మా గోడ తోముతూ, "మాస్టారూ, మీ గోడ వోరకి వాతావరణం సరిగ్గా తగల్నేదు, రేపు మల్లీ వత్తాను" అని నొచ్చుకున్నాడు.

నాలుగో దఫా అయ్యేసరికి చిత్రమైన సంగతి ఒకటి బయటపడింది. బృందం తోమేది బయటి గోడల్నే. బయట రంగుతో పాటు గిలాబా కూడా లేచిపోయి ఇటుక తేలింది. లోపల మాత్రం పూత మీద పూత పేరుకుపోతోంది. బయట తరుగుతూ లోపల పెరుగుతూ, ఇళ్ళ గోడలు నెమ్మదిగా లోపలికి నడుస్తున్నాయన్నమాట. తలుపులు మూసుకోవడం మానేశాయి. మా అద్దాల బీరువా గోడకి అతుక్కుని గోడలో భాగమైపోయింది. ఇది టౌన్ ప్లానింగు వాళ్ళ దృష్టికి వెళ్ళింది. వాళ్ళు టేపులు పట్టుకుని వచ్చి, "మీ గృహము అనుమతి పొందిన ప్లాను కంటె కుంచించుకుపోయి యున్నది. ఇందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను" అని నోటీసులు అంటించారు. తడిగోడ మీద అంటించారు. మర్నాడు ఎర్రయ్య బృందం వచ్చి తోమేసింది. నోటీసు నాశనం చేసినందుకు ఇంకో నోటీసు వచ్చింది.

ఇవతల మేము ఇలా ఉంటే అవతల రాష్ట్రమంతా మా పేరు మార్మోగింది. వేరే ఊళ్ళ నుంచి బస్సుల్లో అధికారులు వచ్చి మా వీధులు చూసి వెళ్ళేవాళ్ళు. "ఇంత తాజాగా ఉన్న పట్టణాన్ని నేనెక్కడా చూడలేదు" అన్నాడు అందులో ఒకాయన. అని మా ప్రహరీకి చెయ్యి ఆనించాడు. అర్రె అంటూ రుమాలు వెతుక్కున్నాడు.

తవిటమ్మ నాలుగు దఫాలు లాక్కొచ్చింది. ఐదో దఫాకి ఆవిడ దగ్గర రంగుకి ఏమీ మిగల్లేదు. కాళ్ళ కడియాలు అప్పటికే పోయాయి. గడువు దాటిన మూడో రోజు పొద్దున్న జోగారావు తాళం, లక్క, కొవ్వొత్తి పట్టించుకుని వచ్చాడు. ఎర్రయ్యా వచ్చాడు. ఆ వేళ పడవల వాళ్ళు నలుగురైదుగురు మొహమాటానికి వచ్చి, బెంచీలు నడిమధ్యకి లాక్కుని, ఆనుకోవడానికేమీ లేక ముందుకి వంగి తింటున్నారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ దగ్గర రోజూ తినడం తప్ప నేను చేయగలిగిన సాయం ఇంకేమీ కనిపించలేదు.

జోగారావు కాగితం చదివాడు. చెడ్డవాడు కాదు, చదువుతున్నప్పుడు ఆవిడ మొహం వంక చూడలేదు.

"తాళం ఎక్కడ ఏత్తారు బాబూ?" అని అడిగింది తవిటమ్మ.

"తలుపుకమ్మా."

"తలుపెక్కడుంటాది?"

"గుమ్మానికి."

"గుమ్మమో?"

"గోడకి" అన్నాడు జోగారావు, ఇదేదో స్కూలు పరీక్షలా ఉందని విసుక్కుంటూ.

ఆవిడ పొయ్యి మీద పెనం దించింది. వెనక గదిలోకి వెళ్ళి సూరన్న గడ్డపలుగు పట్టుకొచ్చింది. ఎవరికీ ఏమీ అర్థం కాకముందే గుమ్మం పక్కన గోడ మీద ఒక్క పోటు పొడిచింది. బయట ఎర్రయ్య వాతావరణానికి అది ముందే నీరసించి ఉంది. మూడు ఇటుకలు ఊడి కింద పడ్డాయి.

రెండో పోటు వేయడానికి గడ్డపలుగు ఎత్తింది గాని వేయలేకపోయింది. ఇటుక ఊడిన చోట అడుగున సున్నంలో మేస్త్రీ బొటనవేలి గుర్తులు వరసగా ఉన్నాయి. ఆవిడ వాటినే చూస్తూ నిలబడింది. "ఈ గోడ కట్టినప్పుడు నాకు నిండు నెలలు బాబూ. ఇటికి అందీనీకండా నన్ను కూకోబెట్టి, ఒక్కడూ కట్టేడు" అంది, ఎవరితోనో తెలీదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

పడవల వాళ్ళలో పెద్దాయన ఆకు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని లేచాడు. "తప్పుకో అప్పా, నాను సూత్తాను" అని గడ్డపలుగు అందుకున్నాడు. మిగతావాళ్ళూ లేచారు. నేను ఇటుకలు మోశాను. మధ్యాహ్నానికి ఐదు గోడలూ పోయాయి. నాలుగు తాటి స్తంభాలు, పైన తాటాకు, కింద బెంచీలు, పొయ్యి, వెనక వైపు తాడు మీద కట్టిన రెండు చీరలు మిగిలాయి. జోగారావు చేతిలో తాళం అలాగే ఉంది. కొవ్వొత్తి గాలికి ఆరిపోయింది.

"ఇప్పుడు రంగు దేనికెయ్యాల బాబూ? సెప్పండి, ఏత్తాను" అంది తవిటమ్మ.

జోగారావు ఆఫీసుకి వెళ్ళి ఫైలు రాశాడు. ఇంటికి గోడలు లేకపోతే ఏం చేయాలో నివేదికలో లేదు. కమిషనరు గారు రెండు రోజులు ఆలోచించి, "కుడ్యరహిత గృహముల విషయమై స్పష్టత కోరుతూ" పైకి రాశారు. స్పష్టత వచ్చేదాకా చర్య లేదు. పై నుంచి స్పష్టత రావడానికి ఎంత కాలం పడుతుందో మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

రాత్రిళ్ళు తవిటమ్మ మా ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడే తీసుకొచ్చింది, ఆడమనిషి నాలుగు కర్రల మధ్య ఎలా పడుకుంటుందని. అలా పది రోజులు పడుకుందో లేదో, మా ఇంటికీ గోడలు లేకుండా పోయాయి. ఎందుకంటే కిటుకు ఊరికి తెలిసిపోయింది. ముందు ప్రహరీలు పోయాయి, తర్వాత వరండా గోడలు, తర్వాత మొహమాటం. పాకలూ రేకుల ఇళ్ళూ స్తంభాల మీద నిలబడ్డాయి. మేడల వాళ్ళు మూల స్తంభాలు వదిలేసి మధ్యవన్నీ తీసేశారు. ఎవరింట్లో ఏం కూరో దాచడానికి లేదు. ఎదురింటి మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకుంటుంటే నడిరోడ్డు మీద వాళ్ళు న్యాయం చెప్పి పోతున్నారు. ఇబ్బందిగా ఉండేది. కాని పొడిగా ఉండేది.

నెల తిరిగేసరికి ఊళ్ళో గోడలున్న కట్టడం ఒక్క మునిసిపల్ ఆఫీసే. ఎర్రయ్య బృందానికి పని ఉండాలి కాబట్టి ఏడుగురూ దాన్నే తోమేవాళ్ళు. రంగుల వాళ్ళకీ అదొక్కటే మిగిలింది. లోపల ఫైలు తెరిస్తే మూసుకోదు, కుర్చీలో కూర్చుంటే లేవలేరు. ఉద్యోగులు ఒకరొకరే తవిటమ్మ హోటల్లో తేలడం మొదలుపెట్టారు. కమిషనరు గారు కూడా ఒక రోజు వచ్చారు. ఆయన తెల్లచొక్కా వీపు మీద అప్పుడే వేసిన గులాబిరంగు ఉంది. ఎవరూ చెప్పలేదు.

జోగారావూ నేనూ ఆయనకి చెరో పక్కన కూర్చున్నాం. సముద్రం గాలి ఇటు నుంచి అటు హాయిగా పోతోంది. ఆయన నాలుగు ఇడ్లీలు తిని, రెండు అట్లు తిని, చాలా నెలల తర్వాత మనిషిలా నవ్వారు. "ఆహా! ఎంతటి వాయుప్రసారము!" అన్నారు. అని తల పైకెత్తి కప్పు వంక చూశారు. చూస్తూనే ఉన్నారు.

"ఏమమ్మా, ఈ తాటాకులను ఎంత కాలవ్యవధిలో మార్చవలెను?"

హోటల్లో నమలడం ఆగిపోయింది. ఓ మూల టీ తాగుతున్న ఎర్రయ్య గ్లాసు కింద పెట్టేసి కప్పు వంక శ్రద్ధగా చూడసాగాడు. జోగారావు పెదవులు "క" అనే అక్షరానికి సిద్ధమవుతున్నాయి.

తవిటమ్మ మాత్రం అట్టు తిరగేస్తూ చెప్పింది. "నెత్తి మీద సుక్క పడితే మారుత్తాం బాబూ."

"అట్లు కాదమ్మా. దినములలో చెప్పవలెను." ఆయన నా వైపు తిరిగారు. "మాస్టారూ, మీరు అనుభవజ్ఞులు. ఈ అంశమును రాసుకొనుడు."

తవిటమ్మ నా వంక చూడలేదు. చూసి ఉంటే సులువుగా ఉండేది.

"పెన్ను లేదండి" అన్నాను. అది నా జేబుకే ఉంది. అందరికీ కనిపిస్తోంది. జోగారావు సాయానికి తన పెన్ను తీసి, మూత తిప్పి మరీ నా చేతిలో పెట్టాడు.

నేను దాని మూత పెట్టి అతనికే తిరిగి ఇచ్చేశాను. "నాకు రాయడం రాదండి" అన్నాను.

పాతికేళ్ళు మాస్టారుగా పని చేసినవాడి నోట ఆ మాట విని ఏం చేయాలో ఏ రూలులోనూ లేదు కాబోలు, కమిషనరు గారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. పడవల పెద్దాయన పకాలున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంత చిన్న మాట. ఆ బజ్జీల సోమవారమే అని ఉంటే సూరన్న కట్టిన గోడలు ఈపాటికి నిలబడి ఉండేవి.

గాలికి పొయ్యిలో మంట పక్కకి వాలిపోతోంది. తవిటమ్మ ఒక అరచెయ్యి దానికి అడ్డం పెట్టి, రెండో చేత్తో నాకు ఇంకో అట్టు పోసింది.